రెండు రవ్వల బండి

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే దారిలో ఒక అరగంట నిలబడి చూడండి. పట్టుచీరల మూట వెనక కట్టుకున్న నేతగాడు, పాల క్యాన్లు తగిలించుకున్న రైతు, కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయే యువకుడు, అందరికీ మోటారు సైకిలే ఆధారం. వాటిలో పల్సర్ బండి ఏదైనా ఆగితే, ఇంజను పైభాగాన్ని రెండు పక్కల నుంచీ పరిశీలించండి. చాలా పల్సర్లలో కుడివైపు ఒక లావుపాటి నల్ల తీగ, ఎడమవైపు మరొకటి కనబడతాయి. ఒక్కో తీగ చివర ఒక్కో స్పార్కు ప్లగ్గు. సిలిండరు ఒక్కటే, ప్లగ్గులు మాత్రం రెండు! ఎందుకని?

ముందు ఒక్క ప్లగ్గు సంగతి చూద్దాం. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. పిస్టను పైకి లేచి దాన్ని సుమారు తొమ్మిదో వంతు చోటులోకి అదుముతుంది. అప్పుడు ప్లగ్గు కొనన, ఇంచుమించు ముప్పావు మిల్లీమీటరు సందులో, నిప్పురవ్వ దూకుతుంది. చెప్పినంత తేలిక కాదిది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు సందు దాటడానికే విద్యుత్తుకు సుమారు 3,000 వోల్టులు కావాలి. అదిమిన గాలిలో అయితే ఇంకా ఎన్నో రెట్లు. అందుకే ఇగ్నిషన్ కాయిల్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని 15, 20 వేలకు పెంచి పంపుతుంది.

రవ్వ పడగానే మిశ్రమమంతా ఒక్కసారిగా పేలుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మంట ప్లగ్గు దగ్గర పుట్టి, అవతలి గోడ దాకా పాకుతుంది. లెక్క వేద్దాం రండి. సిలిండరు అడ్డుకొలత 57 మిల్లీమీటర్లు, మంట వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరడానికి సెకనులో వెయ్యోవంతులు దాదాపు మూడు పడతాయి. అదేమంత ఆలస్యం అంటారా? ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు పిస్టను పైనుంచి కిందికి దిగడానికి పట్టే కాలం అలాంటి వెయ్యోవంతులు అయిదే! మంట పూర్తిగా అంటుకునేసరికి పిస్టను సగం దాటి దిగిపోతుంది. దీనికి విరుగుడుగా పిస్టను పైకి చేరకముందే రవ్వ వేయిస్తారు. అయితే మరీ ముందు వేస్తే, పైకి వస్తున్న పిస్టనును మంట వెనక్కి తోస్తుంది.

ఇప్పుడు ఒక అగరుబత్తి తీసుకోండి. పుల్ల విరిచేసి ఒక చివర వెలిగిస్తే ఎంతసేపు కాలుతుందో చూడండి. అలాంటిదే మరొకటి రెండు చివరలా వెలిగించండి. సగం సేపట్లో అయిపోతుంది. రెండు ప్లగ్గుల కిటుకు ఇంతే. ఎదురెదురుగా పుట్టిన రెండు మంటలు మధ్యలో కలుసుకుంటాయి. రవ్వను మరీ ముందుగా వేయనక్కరలేదు. ప్లగ్గునే నడిమధ్య పెట్టవచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. మంచి ప్రశ్నే. కానీ రెండే పెద్ద వాల్వులున్న ఇంజనులో ఆ చోటు వాటికే సరిపోతుంది.

ఈ ఆలోచన పాతదే. 1914లోనే ఇటలీలో ఆల్ఫా కంపెనీ ఒక పందెపు కారుకు ఇలాంటి ఇంజను కట్టింది. మన దేశంలో బజాజ్ కంపెనీ 2003లో పల్సర్ బళ్ళకు అమర్చింది. చిన్న విమానాల పిస్టను ఇంజన్లలోనూ ప్రతి సిలిండరుకూ రెండు ప్లగ్గులుంటాయి. అక్కడ ముఖ్యోద్దేశం క్షేమం. ఆకాశంలో ఒకటి చెడినా రెండోది విమానాన్ని నడుపుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. బండికీ అంతే, ఒక ప్లగ్గు చచ్చినా నడుస్తుంది! మెకానిక్కు దగ్గరికి వచ్చినవాళ్ళు, "బండి బాగానే పోతాంది అన్నా, పెట్రోలే ఎక్కువ తాగుతాంది" అంటారు. ఇంజనును రెండు మంటల లెక్కకు సరిచేసి ఉంచారు. ఇప్పుడున్నది ఒకే మంట, అదీ ఆలస్యంగా వెలిగిన మంట. పిస్టనును తోయవలసిన వేడి సైలెన్సరు గుండా వృథాగా పోతుంది. మూటతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్వలేకపోతుంది. విమానం నడిపేవాడు పైకి లేవకముందే ఒక్కో ప్లగ్గు వరుసను విడివిడిగా ఆపి, ఇంజను వేగం ఎంత తగ్గిందో చూస్తాడు. బండికి అలాంటి స్విచ్చి లేదు. కాబట్టి ప్లగ్గులు రెండూ విప్పి, పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు తీగ లాగి పరీక్షించడం మాత్రం వద్దు. గట్టి షాకు కొడుతుంది.

కొన లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ప్లగ్గు సుఖంగా ఉన్నట్లు. నల్లని పొడి మసి పట్టిందంటే పెట్రోలు పాలు ఎక్కువైంది. వానలు తక్కువైన మన సీమలో గాలి ఫిల్టరు దుమ్ముతో పూడిపోవడం దీనికి తరచు కారణం. జిడ్డుగా, నల్లగా ఉంటే ఇంజనాయిలు పైకి ఎక్కుతున్నది. తెల్లగా పాలిపోయి పొక్కులు లేస్తే వేడి మితిమీరింది. విప్పిన ప్లగ్గును ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టి, "రవ్వ వస్తాంది, బాగుంది" అనేస్తారు కొందరు. బయటి గాలిలో వచ్చిన రవ్వ, లోపల అదిమిన గాలిలో రాకపోవచ్చు. ఎందుకో పైన వోల్టుల లెక్క చదివినవారికి తెలుసు.

కొత్తది కొనేటప్పుడు మరలు పట్టాయి కదా అని ఏదో ఒకటి బిగించకూడదు. ప్లగ్గు కొన కనీసం 450 సెంటిగ్రేడు డిగ్రీలైనా వేడెక్కాలి, అప్పుడే మసి దానంతటదే కాలిపోతుంది. 850 దాటితే రవ్వ పడకముందే ఆ వేడికి మిశ్రమం అంటుకుంటుంది. లోపలి పింగాణీ ముక్కు పొడుగైతే వేడి మెల్లగా దిగుతుంది, అది వేడి ప్లగ్గు. పొట్టిదైతే చల్లని ప్లగ్గు. ఏ ఇంజనుకు ఏది కావాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంకెలతో జాగ్రత్త సుమా! ఎన్.జి.కె. వారి ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లనిది, బాష్, ఛాంపియన్ వారి వాటిలో అంకె పెరిగితే వేడిది. మరల భాగం పొడుగు కూడా సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే పిస్టనుకు తగలవచ్చు. ఇక రెండు ప్లగ్గులూ ఒకేసారి మార్చడం మేలు, రెండూ ఒకే దూరం తిరిగి అరిగినవే కదా.

మార్చేది ఇంజను చల్లారాకనే. విప్పకముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయాలి, లేకపోతే ఇసుక రేణువులు సిలిండరులో పడతాయి. సందు కొలవడానికి ఫీలర్ గేజి వాడాలి. కొత్త ప్లగ్గును మొదట చేత్తోనే తిప్పాలి. హెడ్డు అల్యూమినియం, మెత్తని లోహం. వంకరగా పానా పెట్టి బలం చూపితే మరలు పోతాయి. చేత్తో ఆగినచోటి నుంచి పానాతో సుమారు అర చుట్టు చాలు.

మీ ఊరి మెకానిక్కును అడిగి, పారేసిన పాత ప్లగ్గు ఒకటి తెచ్చుకోండి. మధ్య కడ్డీ అంచులు ఎలా గుండ్రంగా అరిగాయో భూతద్దంతో చూడండి. తరువాత ఈ లెక్క చేయండి: హిందూపురం నుంచి పెనుకొండకు గంట పట్టింది, ఇంజను నిమిషానికి 4,500 చుట్లు తిరిగింది, రెండు చుట్లకొకసారి మిశ్రమం మండింది. ఆ గంటలో ఒక్కో ప్లగ్గు మిశ్రమాన్ని ఎన్నిసార్లు అంటించినట్లు?