ఇల్లు కొని చూడు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టినవాడి అవస్థ వారికి తెలుసు. ఒకరు కట్టిన ఇంటిని మరొకరు కొనుక్కుంటే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పి పోలేదు. ఆ లోటు కాస్త పూరిద్దామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది గుంటూరు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఉద్యోగం. పదిహేడేళ్ళు అద్దె ఇళ్ళలో కాపురం చేసి, దాచుకున్నది కొంత, బ్యాంకు అప్పు కొంత, మా ఆవిడ గాజులు నాలుగు కలిపి, 2022 వేసవిలో ఒక పాత ఇల్లు 46 లక్షలకు కొన్నాం. మూడు గదులు, వీధివైపు అరుగు, పెరట్లో వేపచెట్టు. అమ్మినాయన రిటైరైన పెద్దమనిషి, మా సహోద్యోగికి దూరపు చుట్టం. మొదటి రోజునే నేను "బాబాయిగారూ" అని వరస కలిపేశాను. ఆయన కాఫీ ఇప్పించి, "మీలాంటి మేష్టారి చేతిలో ఇల్లు పడుతోందంటే నాకెంతో తృప్తిగా ఉంది నాయనా" అన్నారు.

కొనేముందు మేము కళ్ళు మూసుకుని ఏమీ లేము. లింకు దస్తావేజులు లాయరుకు చూపించాం. ముప్పై ఏళ్ళకు ఈసీ తీయించాం. బ్యాంకువారి ఇంజనీరు వచ్చి ధర కట్టి వెళ్ళాడు. వాస్తు చూసినాయన టేపు పెట్టి గుమ్మాలు కొలిచాడు. కాగితాలు చూసినవారు కాగితాలు చూశారు, దిక్కులు చూసినాయన దిక్కులు చూశాడు. నేల చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

శ్రావణమాసంలో వానలు పట్టాయి. ఒక సాయంత్రం మా అమ్మాయి వెనక గదిలో గోలీ ఆడుతూ, "నాన్నా, ఇది ఎక్కడ వదిలినా ఆ మూలకే పోతోంది" అంది. నవ్వుకున్నాను. వారం తిరిగేసరికి బీరువా తలుపు దానంతటదే తెరుచుకోవటం మొదలుపెట్టింది. కిటికీ మూల నుంచి నేలదాకా ఏటవాలుగా గోడ బీట ఇచ్చింది. ముందు వెంట్రుకవాసి. వినాయకచవితి నాటికి రూపాయి బిళ్ళ దూరేంత.

మేస్త్రీని పిలిపించాం. కర్రతో నేల మీద అక్కడక్కడ కొట్టి, మూలకు వెళ్ళేసరికి ఆగిపోయాడు. శబ్దం డొల్లగా ఉంది. నాలుగు పలకలు లేపి అడుగు లోతు తవ్వితే ఇటుక ముక్కలు, చెత్త, వాటి పక్కన గుండ్రంగా తిరిగిన రాతి వరుస కనబడ్డాయి. బావి! పాతబావిని పూడ్చి దాని మీద గది లేపారు. పూడ్చిన మట్టిని దిమ్మిస కొట్టి గట్టిపరచలేదు. అసలే మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గోడలో సగం గట్టినేల మీద, సగం బావి మీద కూర్చుంటే, ఏటేటా ఆ సగం కిందికి, ఈ సగం ఉన్నచోట. మధ్యలో గోడ చీలక ఏం చేస్తుంది?

పక్కింటి పిన్నిగారు వచ్చి తొంగిచూసి, "ఆ బావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి నాయనా" అని నిట్టూర్చారు.

"మీకు తెలుసా పిన్నిగారూ!" అన్నాను తెల్లబోయి.

"వీధందరికీ తెలుసు. మీరడగలేదు గదా!"

ఆ మాట నిజం. మేము అడగలేదు. బాబాయిగారు చెప్పలేదు.

మర్నాడు ఆయన దగ్గరకు వెళ్ళాను. అదే కాఫీ. విషయం చెప్పేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చూసుకునే కొన్నారు గదా నాయనా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని మోసుకుని నేరుగా నా చిన్ననాటి స్నేహితుడింటికి వెళ్ళాను. వాడు జిల్లా కోర్టులో ప్లీడరు.

"ఒరేయ్, నువ్వు పాఠాల్లో మౌనం అర్ధాంగీకారం అని చెబుతావు. మౌనం మోసమా, కాదా? చెప్పు చూద్దాం" అన్నాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక గుర్రం కథ ఉందిట. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ నోరెత్తలేదు. కొన్నవాడు పరాయివాడైతే ఆ మౌనం మోసం కాదు. కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే మాత్రం, చెప్పవలసిన బాధ్యత తండ్రికి ఉంది. అంటే, నోరు విప్పవలసిన సంబంధం ఉన్నచోట మౌనం కూడా మాటే అన్నమాట.

"అయితే నేను పరాయివాణ్ణే గదా?" అన్నాను దిగులుగా.

"ఇల్లు గుర్రం కాదురా" అన్నాడు వాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షను ఇళ్ళూ భూములూ అమ్మేవారికి ప్రత్యేకంగా ఒక ధర్మం విధించింది. ఆస్తిలో గాని, దాని హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కింద లెక్క. దస్తావేజులో ఇందుకు విరుద్ధమైన షరతు ఏదీ రాసుకోకుంటేనే సుమా. అందుకని దస్తావేజు మొదట చదువుకోవాలి. నేను సంతకం చేసినప్పుడు చదవని మా దస్తావేజును ఆ రాత్రి రెండుసార్లు చదివాను. అటువంటి షరతు లేదు.

ఇక నిరూపించవలసినవి మూడు. మాకు తెలియదన్నది ఒకటి. మామూలు చూపుకు అందదన్నది రెండు. కళ్ళెదుట వేలాడే పెచ్చులూ, కారే కప్పూ చూసి కూడా కొని తరవాత ఏడిస్తే చట్టం వినదు. బావి అలాంటిది కాదు, పలకల కింద ఉంది. మూడోదే చిక్కు. ఆయనకు తెలుసని ఎలా చూపించటం? దానికి జవాబు మా మేస్త్రీయే తెచ్చాడు. మేము కొనటానికి రెండు నెలల ముందు ఆ గోడ బీటనే సిమెంటుతో పూడ్చి, లప్పం పెట్టి, ఆ ఒక్క గదికే కొత్తరంగు వేసిన పనివాడు వాళ్ళ పేటవాడే.

"తొందరపడి బాగుచేయించకు. బాగుచేస్తే సాక్ష్యం కూడా పూడ్చేసినట్టే" అన్నాడు మా ప్లీడరు. తేదీలు పడేలా ఫోటోలు తీశాం. ఇంజనీరు చేత రిపోర్టు రాయించాం. దావా దాకా వెళితే, కోర్టు తరఫున ఒక కమిషనరు వచ్చి చోటు చూసి నివేదిక ఇచ్చే వీలు కూడా ఉంది. కోరుకోవలసిన దారులు రెండు: అమ్మకం రద్దు చేయించి ఇల్లు తిరిగిచ్చి డబ్బు పుచ్చుకోవటం, లేదా ఇల్లు ఉంచుకుని నష్టపరిహారం అడగటం. మోసం బయటపడిన నాటినుంచి మూడేళ్ళలోగా దావా వేయాలి. కాని తెలిసిన తరవాత చాలాకాలం మాట్లాడకుండా అనుభవించి, ఆనక రద్దు చేయమంటే కోర్టు మొహం చిట్లిస్తుంది. మేము పరిహారమే అడుగుదామనుకున్నాం. ఇంజనీరు వేసిన అంచనా 4 లక్షల 10 వేలు.

ఈలోగా మూడో దారి ఒకటి ఎదురయింది. ఒక శ్రేయోభిలాషి సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఎందుకు మేష్టారూ ఈ కోర్టులూ గొడవలూ! ఆయన చేసిందే మీరూ చేయండి. నాలుగు పలకలు వేయించి, మంచి రంగు కొట్టించి, వానలు వెలిశాక అమ్మేయండి. ధర కూడా పెరిగింది" అన్నాడు.

నిజం చెప్పవద్దూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సలహా నాకు అసహ్యం వేయలేదు. లెక్క వేసుకున్నాను. లాభం కూడా తేలింది. తెల్లవారుజామున మా ఆవిడతో మెల్లగా అన్నాను. ఆమె చీకట్లోనే, "ఆ గదిలో ఎవరి పిల్లో పడుకుంటుంది గదండీ" అంది. అంతే. చట్టం సంగతి ఆమెకు తెలియదు. కాని, బావి సంగతి తెలిసిన క్షణం నుంచి ఆ 55వ సెక్షను నా మెడకు కూడా చుట్టుకుందని నాకు తెలుసు. నిన్నటిదాకా మోసపోయినవాణ్ణి, రంగు డబ్బా మూత తీస్తే మోసగాణ్ణి.

నోటీసు ఇప్పించాం. "నాకేమీ తెలియదు" అని జవాబు వచ్చింది. అప్పుడు మా ప్లీడరు దావా వేయక ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టించాడు. 1987 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ లోక్ అదాలత్ లో కోర్టు ఫీజు లేదు. ఉభయులూ ఒప్పుకుంటే రాసే అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఖర్చు పెట్టుకోలేని పేదలకు, ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఉచితంగా ప్లీడరును కూడా ఇస్తారు.

మొదటి వాయిదాకు బాబాయిగారు నా మొహం చూడలేదు. రెండో వాయిదాలో రంగు వేసిన పనివాడు బయట బెంచీ మీద కూర్చుని ఉండటం చూశారు. కాసేపు ఊరుకుని, "చెబితే ఎవరు కొంటారు నాయనా?" అన్నారు. ఆ గొంతులో కపటం లేదు, భయం ఉంది.

"నేనే కొనేవాణ్ణి బాబాయిగారూ. నాలుగు లక్షలు తగ్గించి కొనేవాణ్ణి" అన్నాను.

3 లక్షల 20 వేలకు రాజీ కుదిరింది. మిగిలింది మేము భరించాం. పదేళ్ళు కోర్టు మెట్లు ఎక్కటం కంటే అదే మేలనిపించింది. వదులు మట్టి తీసేసి, పొరలు పొరలుగా ఇసుకా కంకరా వేసి గట్టిపరచి, బావి నోటికి అటూ ఇటూ గట్టినేల మీద ఆనేటట్టు కాంక్రీటు దూలం పోయించాం.

మాది మనిషి దగ్గర మనిషి కొన్న పాత ఇల్లు కనుక మా దారి సివిలు కోర్టు వైపే. ఇలాంటి అమ్మకం మామూలుగా వినియోగదారుల కమిషను కిందికి రాదు. బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు కొన్నవారి సంగతి వేరు. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే నిర్మాణమైతే, స్వాధీనం చేసిన అయిదేళ్ళలోగా కట్టుబడిలో గాని పనితనంలో గాని లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. లేకుంటే పరిహారం ఇవ్వాలి. గృహనిర్మాణం ఒక సేవే గనుక, 2019 నాటి చట్టం ప్రకారం వినియోగదారుల కమిషనుకూ వెళ్ళవచ్చు. గడువు రెండేళ్ళు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే చాలు, అదీ మీరు నివసించే జిల్లాలోనే.

కొనబోయేవారికి మాత్రం ఒక్క మనవి. ఇల్లు ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూడండి. ఒక్క గదికే కొత్తరంగు ఉంటే ఎందుకని అడగండి. నేల మీద కర్రతో కొట్టి వినండి. ఒక గోలీ వదిలి చూడండి. పక్కింటి పిన్నిగారితో ఒక పూట కబుర్లాడండి. అమ్మేవారిని "ఇందులో లోపమేమైనా ఉందా?" అని నోరు విప్పి అడిగి, ఆ జవాబును అగ్రిమెంటులో రాయించండి.

మా దస్తావేజుల సంచీలో ఇప్పుడు ఒక కాగితం ఎక్కువ ఉంది. "వెనక గది ఆగ్నేయపు మూల కింద పాతబావి ఉంది. 2023లో దూలం పోయించాం" అని నా దస్తూరీతో రాసి, ఇంజనీరు రిపోర్టు దానికి జత చేశాను. రేపు ఈ ఇల్లు కొనేవారెవరో నాకు తెలియదు. వారు అడగటం మరిచిపోయినా ఆ కాగితం చెబుతుంది.