మన్యం సంతలో చోడి అంబలి

కార్తీకం రాగానే పట్టణ కుటుంబాలు అరకు దారి పట్టడం ఆనవాయితీ. వెదురు బొంగులో వండిన కోడిని రుచి చూచి తిరిగి రావడమే మన్యదర్శనమని అనేకుల భావన. అంగడి కొరకు వండినది వేరు, ఇంటి కొరకు వండుకొనేది వేరు. రెండవది చూడదలచిన వారికి గుమ్మలక్ష్మీపురం తగిన చోటు.

గత కార్తీకంలో మేము ఆరుగురం పార్వతీపురంలో రైలు దిగి, బస్సులో అక్కడికి చేరుకొన్నాము. ఒకప్పుడు విజయనగరం జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. సవరలు, జాతాపులు ఇక్కడి ప్రధాన గిరిజనులు. సంతలో సీతాఫలాలు, చోళ్లు, సామలు, కరక్కాయలు రాశులుగా కనిపించినవి. పట్టణపు మందుల అంగడిలో పొడిగా మాత్రమే చూచే కరక్కాయను మా వాళ్లు చేతబట్టి ఆశ్చర్యపోయారు.

ఒక జాతాపు ముసలమ్మ మాకు చోడి అంబలి పోసినది. చోడిపిండిని ముందునాటి రాత్రి నీట కలిపి పులియనిచ్చి, తెల్లవారి మరుగుతున్న నూకల గంజిలో పోసి ఉడికిస్తారు. చల్లారిన తరువాత ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొంటారు.

“ఇది తాగితే మజ్జానం దాకా ఆకలుండదు బాబూ” అన్నది.

“మీ మనవలూ తాగుతారా అమ్మా?” అన్నాను.

“ఆళ్లకి బియ్యం కూడే కావాల” అని నవ్వినది.

ఆ నవ్వు నాకు రుచించలేదు. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదు.

అయితే అలవాటు లేనివారు ఒక్కసారిగా కడుపునిండా త్రాగరాదు. చరకుడు శ్యామాకాది తృణధాన్యాలను లఘువులనీ, కఫపిత్తహరములనీ చెబుతూనే వాతకరములని కూడా హెచ్చరించాడు. మలబద్ధకం గలవారు మజ్జిగ చేర్చుకొనవలెను. మా బృందంలోని మధుమేహ రోగి “ఇది చోడి కదా!” అని మూడవ లోటా అందుకోబోగా వారించాను. జావగా కాచిన పిండి త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను పెంచగలదు.

కొండదుంపల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చేదుదుంపలను గిరిజనులు పలుచగా తరిగి, పారే నీటిలో నానబెట్టి, విషం పోయిన తరువాతనే వండుతారు. ఆ పద్ధతి తెలియక కొని తెచ్చి ఇంట వండుకోవద్దు. మామిడి టెంక అంబలి సంగతీ అంతే. పొరుగున ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో 2001లో టెంక అంబలి తిన్న పలువురు మరణించారు. బూజు పట్టిన టెంకలు కారణమని కొందరు, అసలు కారణం ఆకలేనని మరికొందరు అన్నారు. నా దృష్టిలో రెండూ ఒకటే. మంచి గింజ ఇంటనుండగా బూజు టెంకను ఎవరు తింటారు?

తిరుగుదారిలో తోటపల్లి వద్ద నాగావళిని, వేంకటేశ్వరుని దర్శించుకొన్నాము.

పాఠకులకు ఒక మాట. మన్యంలో దోమకాటు సామాన్యం కాదు. చీకటి పడకముందే బయలుదేరండి. రాత్రి నిలిస్తే దోమతెర తప్పనిసరి. తిరిగి వచ్చిన కొన్ని వారాలలో, కొన్ని నెలల తరువాతనైనా సరే, చలిజ్వరం వస్తే మన్యానికి వెళ్లిన సంగతి వైద్యునికి చెప్పి ఆనాడే రక్తపరీక్ష చేయించుకోండి. కషాయాలు త్రాగుతూ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.