మన డాబా మీది కరెంటుకి రేటు పెట్టేది ఎవరు?

మన మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు కరెంటు తయారవడం అంటే ముందు గుర్తొచ్చేది నాగార్జున సాగర్ డ్యామే. అక్కడి మెయిన్ పవర్ హౌస్ కెపాసిటీ 815 మెగావాట్లు. ఇప్పుడు మన డాబాల మీద కూడా సోలార్ కరెంటు తయారవుతోంది. మరి మనం వాడగా మిగిలింది గ్రిడ్‌లోకి పోతే, దానికి రేటు ఎవరు పెడతారు? ఈరోజు ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

ముందు బయటి దేశాల సంగతి. జర్మనీ 2000లో ఒక చట్టం చేసింది. ఇంటి మీద తయారైన ప్రతి యూనిట్‌కి 20 ఏళ్ళ పాటు ఫిక్స్‌డ్ రేటు ఇవ్వాలి అని. దీన్నే ఫీడ్ ఇన్ టారిఫ్ అంటారు. బ్రిటన్‌లో 2008 ఏప్రిల్‌లో ఇలాంటి ప్రతిపాదన పార్లమెంట్‌లో ఓటింగ్‌కి వచ్చి ఓడిపోయింది. కానీ అడిగినవాళ్ళు వదల్లేదు. అదే ఏడాది నవంబర్‌లో అది చట్టంలోకి ఎక్కింది. 2010 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి డబ్బులు రావడం మొదలైంది. 2019 మార్చి 31 తర్వాత కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు.

మన దగ్గర పద్ధతి వేరు. పీఎం సూర్య ఘర్ పథకానికి కేంద్ర కేబినెట్ 2024 ఫిబ్రవరి 29న ఓకే చెప్పింది. టార్గెట్ కోటి ఇళ్ళు, బడ్జెట్ 75,021 కోట్లు. 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78 వేలు సబ్సిడీ. గుర్తుపెట్టుకోండి, ఇది ఒక్కసారి వచ్చే డబ్బు. నెలనెలా లాభం ఎంత అన్నది నెట్ మీటర్ తేలుస్తుంది. మనం గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్లని, వాడుకున్న యూనిట్లలోంచి అది తీసేస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకి 350 యూనిట్లు కాల్చే ఇంటికి మొదటి 200కి యూనిట్ 5.10, తర్వాత 100కి 7.70, మిగతా 50కి 9 రూపాయలు. మొత్తం 2,240. మంచి ఎండ ఉంటే 3 కిలోవాట్ల ప్యానెళ్ళు నెలకి 300 యూనిట్ల దాకా ఇస్తాయి. అంటే ఆ బిల్లులో చాలా భాగం ఎగిరిపోయినట్టే.

మరి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడి, జీరో బిల్లు అందుకుంటున్న ఇల్లు? అక్కడ తగ్గించడానికి బిల్లే లేదు కదా. ఆ ఇంటికి ప్యానెళ్ళు గిట్టుబాటు కావాలంటే, గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్‌కి మంచి రేటు రావాలి. అసలు విషయం ఇక్కడే ఉంది. పేదింటి డాబాకి లాభమా కాదా అన్నది ఆ రేటు మీదే ఆధారపడి ఉంది.

ఆ రేటుకి మన పార్లమెంట్‌లో ఓటింగ్ ఉండదు. పార్లమెంట్ చేసిన 2003 విద్యుత్ చట్టం ఆ పనిని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఈఆర్‌సీకి అప్పజెప్పింది. కరెంటు ఛార్జీలు ఖరారు చేసే ముందు ఈఆర్‌సీ జనం సలహాలు, అభ్యంతరాలు తీసుకోవాలని అదే చట్టం చెబుతోంది. దానికి లాయర్ అవసరం లేదు, మామూలు వినియోగదారులు కూడా రాసి పంపొచ్చు. బ్రిటన్‌లో ఎంపీలు అడిగినట్టు, ఇక్కడ మనమే అడగాలన్నమాట.

కాబట్టి సోలార్ పెట్టించే ముందు సేల్స్ అతన్ని సబ్సిడీ ఎంత అని ఒక్కటే అడగకండి. "మిగిలిన యూనిట్‌కి డిస్కమ్ ఎంత ఇస్తుంది, ఎప్పుడెప్పుడు లెక్క కడుతుంది?" అని కూడా అడగండి. ఈలోపు ఇంట్లో 12 నెలల బిల్లులు తీసి, యూనిట్లు కూడి చూడండి.