పనిముట్ల పెట్టెకు పీఓహెచ్

ఆగి ఉన్న గూడ్సు బండి పక్కనుంచి నడిచి వెళ్తుంటే ప్రతి వ్యాగన్ మీదా తెల్ల రంగుతో అచ్చుగుద్దిన అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. అందులో ఒక వరుస పీఓహెచ్ తేదీ. పీరియాడిక్ ఓవర్‌హాల్, అంటే వ్యాగన్‌ను వర్క్‌షాపుకు తెచ్చి, చక్రాల దాకా విప్పి, పరీక్షించి, మళ్ళీ బిగించిన రోజు. పక్కనే ఆ పని చేసిన షాపు పొడి అక్షరాలు, మళ్ళీ షాపుకు రావలసిన తేదీ ఉంటాయి. ఖరగ్‌పూర్‌లో పెరిగినవాళ్ళకు ఈ రాత చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఊరు పుట్టిందే షాపు చుట్టూ.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను వేసి, వర్క్‌షాపు పెట్టింది. ఆ షాపులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్ళు రైలెక్కి వచ్చి, నింపురాలో, మథురాకాటిలో కాపురాలు పెట్టారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇంకా ఇక్కడే తెలుగు మాట్లాడుతున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే దాని వెనక ఉన్నది ముఖ్యంగా ఈ ఊరే.

ఖరగ్‌పూర్ షాపుది ప్రధానంగా ఓవర్‌హాల్ పని. కొత్త ఇంజన్లకు చిత్తరంజన్ ఉంది, కొత్త పెట్టెలకు పెరంబూరు ఉంది. ఎవరో కట్టినదాన్ని విప్పి, ప్రతి ముక్కనూ చూసి, ‘ఇది నడుస్తుంది’ అని పూచీ పడి పట్టాల మీదకు పంపడం ఇక్కడి విద్య. కంప్యూటర్ల లోకంలోనూ సరిగ్గా ఇదే విద్య ఒకటుంది. దాని పేరు ప్యాకేజింగ్. దానిలో ఓవర్‌హాల్‌కు వచ్చిన ఒక పనిముట్ల పెట్టె జీవితకథ ఇది.

పెట్టెలో ఏముంది

2007 నవంబరు 5న గూగుల్, మరికొన్ని కంపెనీలు కలిసి ఆండ్రాయిడ్‌ను ప్రకటించాయి. వారం తిరిగేసరికి దానికి అప్లికేషన్లు రాసేవాళ్ళకోసం ఎస్‌డీకే అనే పెట్టె విడుదలైంది. ఆండ్రాయిడ్ ఫోను ఇంకా ఏ దుకాణంలోనూ లేదు, పనిముట్లు మాత్రం ముందే చేతికొచ్చాయి. మొదటి ఫోను రావడానికి 2008 అక్టోబరు పట్టింది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పెట్టెలో చేరినది ఒక్క పనిముట్టు కాదు. రాసిన జావా కోడ్‌ను ముందు జావా కంపైలర్ బైట్‌కోడ్‌గా మారుస్తుంది. దాన్ని డీఎక్స్ అనే పరికరం ఫోనుకు అర్థమయ్యే డెక్స్ రూపంలోకి తిప్పేది. బొమ్మలు, బటన్లు, అక్షరాలను మూట కట్టేది ఏఏపీటీ. ఆ మూటలో దత్తాంశాన్ని వరుసగా సర్దేది జిప్‌అలైన్. చివర సంతకం పెట్టేది ఏపీకేసైనర్. ఇంత జరిగాక బయటికొచ్చే ఏపీకే ఫైలు నిజానికి మామూలు జిప్ ఫైలే. ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య వంతెన ఏడీబీ. దానికి మూడు ముక్కలు: మనం ఆజ్ఞ ఇచ్చేది ఒకటి, కంప్యూటర్లో వెనక కూర్చుని 5037 నంబరు పోర్టు దగ్గర వినేది ఒకటి, ఫోను లోపల కాచుక్కూర్చునేది ఇంకొకటి.

తాళం ఎక్కడ పడింది

ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌లో ఎక్కువ భాగం అపాచీ 2.0 లైసెన్స్ కింద బహిరంగంగా ఉంది. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అదే కోడ్‌ను గూగుల్ తాను కంపైల్ చేసి ఎస్‌డీకేగా ఇచ్చేటప్పుడు మాత్రం వేరే ఒప్పందానికి ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కాలి. ఆ ఒప్పందం ప్రకారం పెట్టెను పంచకూడదు, మార్చకూడదు. 2012లో ఆండ్రాయిడ్‌ను ముక్కలు చేసే పనులు చేయకూడదనే షరతు కూడా చేరింది. వంట విధానం అందరిదీ, వండిన గిన్నె మాత్రం వంటవాడిదే.

ఈ తేడా మామూలు వాడుకరికి పట్టదు. లైనక్స్ డిస్ట్రోలకు మాత్రం ఇదే అసలు గొడవ. డిస్ట్రో అంటే వేల ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి పొసిగేలా సర్ది, ఒక్క ఆజ్ఞతో కంప్యూటర్లోకి దింపే ఏర్పాటు. వాటిలో పాతకాపు డెబియన్. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డక్ అనే అమెరికన్ విద్యార్థి దాన్ని ప్రకటించాడు. ప్రపంచమంతా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఈ డిస్ట్రో 2023లో తెచ్చిన 12వ విడుదలలో 64,419 ప్యాకేజీలు ఉన్నాయి.

డెబియన్ ప్రధాన విభాగంలోకి రావాలంటే నియమం కఠినం. సోర్స్ కోడ్ ఉండాలి, దాని లైసెన్స్ స్వేచ్ఛగా ఉండాలి. ఆ కోడ్‌ను డెబియన్‌లో అప్పటికే ఉన్న పరికరాలతోనే కంపైల్ చేయాలి, అదీ ఇంటర్నెట్ నుంచి ఒక్క ముక్క కూడా లాక్కోకుండా. సీలు వేసిన ఇంజను తెచ్చి ‘బాగానే నడుస్తోంది, తీసుకోండి’ అంటే కుదరదు. విప్పడానికి వీల్లేనిదాన్ని షాపులోకి రానివ్వరు.

అదే 1993లో ఖరగ్‌పూర్ ఐఐటీ నుంచి మెటలర్జీలో బీటెక్ పట్టా పుచ్చుకుని ఒక కుర్రవాడు బయటికి వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళ తరవాత, 2013 మార్చిలో, ఆండ్రాయిడ్ బాధ్యత అతని చేతికి వచ్చింది. 2015లో గూగుల్‌కే ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యాడు. సుందర్ పిచాయ్. ఈ కథలో తాళంచెవి ఉన్న ఇంటి పెద్ద మా ఊళ్ళో చదువుకున్నవాడే అన్నమాట.

విప్పిన చేతులు

ఆ 2015లోనే డెబియన్‌లో కొందరు ఈ పెట్టెను విప్పడానికి గట్టిగా పూనుకున్నారు. ముందు నిలిచినవాళ్ళలో హాన్స్-క్రిస్టోఫ్ స్టైనర్ ఒకరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లను మాత్రమే పంచే ఎఫ్-డ్రాయిడ్ అనే దుకాణానికీ ఆయన పనిచేస్తారు. పని భారం చాలామటుకు మోసింది విద్యార్థులు. వాళ్ళకు భృతి వచ్చింది ‘గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్’ పథకం నుంచి. గూగుల్ వేసిన తాళం అక్కర్లేకుండా చేసే పనికి గూగుల్ డబ్బే ఖర్చయింది. ఐఐటీలో ‘ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ’ విద్యార్థులు చలికాలంలో నడిపే ‘ఖరగ్‌పూర్ వింటర్ ఆఫ్ కోడ్’ ఆ పథకాన్ని చూసి మొదలుపెట్టిందే.

ఆండ్రాయిడ్ సోర్స్ ఒక్క గుట్ట కాదు, వందల ఖానాల్లో చెదిరి ఉంటుంది. మొత్తం దింపుకుంటే వందల గిగాబైట్లు. పైగా దాన్ని కంపైల్ చేసే పద్ధతి దానికే ప్రత్యేకం. కంపైలర్‌తో సహా అన్నీ ముందే వండిపెట్టి లోపలే ఉంచుకుంటుంది. డెబియన్ బృందం ఆ పద్ధతిని పక్కనపెట్టింది. ఏ పరికరానికి ఏ ఫైళ్ళు కావాలో ఒక్కొక్కటిగా తేల్చుకుని వాటిని ఎలా కట్టాలో చెప్పే మేక్‌ఫైళ్ళు సొంతంగా రాసుకుంది. లాగ్ రాసే లైబ్రరీ ఒక ప్యాకేజీ, జిప్ విప్పే లైబ్రరీ ఇంకొకటి. గూఢలిపి పనికి ఆండ్రాయిడ్ వాడే బోరింగ్ఎస్‌ఎస్‌ఎల్, అందరికీ తెలిసిన ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ నుంచి గూగుల్ చీల్చుకున్న శాఖ. దాని లోపలి గొట్టాల కొలతలు ఎప్పుడు మారతాయో గూగుల్ ఎవరికీ మాట ఇవ్వదు. కాబట్టి దానికి విడిగా ఇంకో ప్యాకేజీ. ప్రతి ఫైలు లైసెన్స్‌నూ కాపీరైట్ చిట్టాలో రాయాలి. కొత్త ప్యాకేజీ వస్తే ఆ చిట్టాను మరో బృందం పరిశీలించి గాని లోపలికి పంపదు.

లైనక్స్ కంప్యూటరుకు ఫోను గుచ్చితే ‘అనుమతి లేదు’ అన్న మాట కనిపించడం ఈ పని చేసేవాళ్ళకు బాగా తెలుసు. యూఎస్‌బీ దారిన వచ్చిన పరికరం ఫోనేనని కంప్యూటరుకు చెప్పాలంటే కంపెనీల గుర్తింపు సంఖ్యల జాబితా కావాలి. ఆ జాబితానూ ప్యాకేజీగా కట్టి పెట్టారు. కొత్త కంపెనీ ఫోను బజారులోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని అందులో ఒక వరుస చేర్చాలి.

2017 జూన్ 17న ‘స్ట్రెచ్’ పేరుతో డెబియన్ 9 వచ్చింది. డెబియన్ పెట్టెలోని పరికరాలతోనే, ఏ ఒప్పందానికీ ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కకుండా, ఆండ్రాయిడ్ యాప్ కట్టడం సాధ్యమైంది. ఒక ఫలితం గూగుల్ కూడా ఇవ్వనిది. లైనక్స్ కోసం గూగుల్ తన ఏడీబీని ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే కంపైల్ చేసి ఇస్తుంది. డెబియన్ దగ్గర సోర్స్ విప్పి ఉంది కాబట్టి ఆర్మ్ ప్రాసెసర్లకూ కంపైల్ అయింది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై మీదా నడుస్తుంది.

తోడు ఎక్కడిది?

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. స్ట్రెచ్‌లో చేరిన ఆండ్రాయిడ్ వేదిక 23వ ఏపీఐది, అంటే 2015 నాటి ఆండ్రాయిడ్ 6ది. స్ట్రెచ్ వచ్చిన రెండు నెలలకే ఆండ్రాయిడ్ 8 వచ్చేసింది. ఇది షాపుల సంగతి తెలిసినవాళ్ళకు కొత్త కాదు. కొత్త మోడల్ పట్టాలెక్కాక చాలా కాలానికి గాని దాని విడిభాగాల పటం షాపుకు చేరదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పెరుగు కావాలంటే పాలల్లో తోడు వేయాలి. ఆ తోడు పెరుగే. మన ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడుగుతాం. వాళ్ళకు ఎక్కడినుంచి వచ్చింది? వాళ్ళ పక్కింటి నుంచి. కంపైలర్ల లోకం అంతా ఈ తోడు మీదే నడుస్తుంది. ఆండ్రాయిడ్‌కు గూగుల్ 2017లో ఆమోదించి, 2019లో పెద్దపీట వేసిన కోట్లిన్ భాషకు కంపైలర్‌ను కోట్లిన్‌లోనే రాశారు. అంటే కోట్లిన్‌ను కట్టడానికి కోట్లిన్ కావాలి. యాప్‌లను కట్టే గ్రేడిల్ అనే మేస్త్రీకి కూడా ఇదే జబ్బు: తనను కట్టడానికి తానే కావాలి, తరవాతి రూపాల్లో కోట్లిన్ కూడా కావాలి. డెబియన్‌లో గ్రేడిల్ 4.4.1 దగ్గరే ఆగిపోయింది. అది 2017 చివరి నాటిది. 2023 నాటి విడుదలలోనూ అదే. కోట్లిన్‌లో 1.3 వరుస రూపాన్ని లోపలికి తేవడానికే ఏళ్ళు పట్టింది.

‘పక్కింటి తోడు వేసుకుంటే పోలా, ఇంత పట్టింపు ఎందుకు?’ అని అడగొచ్చు. దీనికి 1984లోనే కెన్ థాంప్సన్ జవాబు చెప్పాడు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన ఆయన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఒక మాయ చూపించాడు. కంపైలర్‌లో ఒక దొంగ తలుపు దాచి, ఆ కంపైలర్‌తో తరవాతి కంపైలర్‌ను కడితే, సోర్స్‌లో ఒక్క అక్షరం కూడా కనిపించకుండా ఆ తలుపు తరతరాలకూ వెళ్తూనే ఉంటుంది. తోడు చెడ్డదైతే పాలు ఎంత మంచివైనా ఏం లాభం?

ఇది తరగతి గదిలో చెప్పుకునే భయం కాదు. 2015 సెప్టెంబరులో చైనాలో ఇలాంటిదే ఒకటి బయటపడింది. యాపిల్ ఫోన్లకు యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ అనే పెట్టెను కొందరు అసలు చోటునుంచి కాకుండా, త్వరగా దిగుతుందని, వేరే ఫైళ్ళ పంపిణీ చోటునుంచి తెచ్చుకున్నారు. అది కల్తీ పెట్టె. దానితో కట్టిన ప్రతి యాప్‌లోనూ కల్తీ చేరింది, వీచాట్ అంతటి యాప్‌తో సహా. రాసినవాళ్ళ కోడ్‌లో తప్పు లేదు, పనిముట్టులో ఉంది.

షాపులోనూ పగులు తప్పిపోయే సందర్భం ఉంటుందని ఒప్పుకోవాలి. 2024 మార్చిలో, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొంగ తలుపు డెబియన్ పరీక్షా శాఖల దాకా వచ్చేసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ కంప్యూటర్లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, తవ్వి పట్టుకున్నాడు. అందరికీ కనిపించే సోర్స్ ఖానాలో ఆ తలుపు తెరిచే మెట్టు లేదు. విడుదలకోసం విడిగా కట్టిన మూటలో ఉంది. స్థిరమైన విడుదలలోకి చేరకముందే దొరికింది. చక్రాన్ని సుత్తితో తట్టి, మోతలో తేడా విని పగులు పట్టే పాతకాలపు రైల్వే చెవి లాంటిది ఆయనది. అయితే తట్టడానికి చక్రం బయట ఉండాలి. సీలు వేసిన పెట్టెలో మోత వినబడ్డా, విప్పి చూసే దారి ఉండదు.

గోడ మీద రాత

స్ట్రెచ్ నాటి పని ఈనాటి కొత్త ఫోన్లకు యాప్ కట్టడానికి చాలదు. ఆ అవసరానికి గూగుల్ పెట్టెనే నేరుగా దింపుకొచ్చే ప్యాకేజీలను డెబియన్ ‘కంట్రిబ్’ అనే పక్క విభాగంలో ఉంచింది. సొంత షాపులో విప్పినది వేరు, బయటినుంచి సీలుతో వచ్చింది వేరు అని అలా విడిగా పెట్టడమే చెబుతుంది. అయినా ఏడీబీ, ఫాస్ట్‌బూట్ లాంటి పనిముట్లు మాత్రం ప్రధాన విభాగంలోనే నిలిచాయి. ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఏడీబీ’ అని కొట్టి ఫోను బాగుచేసుకునేవాళ్ళకు వాటి వెనక ఇంత విప్పుడూ బిగింపూ ఉందని తెలియదు. పీఓహెచ్ అయిన పెట్టెలో నిద్రపోయే ప్రయాణికుడికి యాక్సిల్ పరీక్ష సంగతి తెలుస్తుందా?

డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ ఛేంజ్‌లాగ్ అనే చిట్టా జతగా వస్తుంది. ఏం మార్చారు, ఏ తేదీన, ఎవరు అని ప్రతి పద్దు కిందా రాసి ఉంటుంది. వ్యాగన్ గోడ మీది పీఓహెచ్ రాతలోనూ తేదీ ఉంటుంది, షాపు పేరు ఉంటుంది. విప్పిన మనిషి పేరు మాత్రం ఉండదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫిట్టర్లు ఎన్ని వేల చక్రాలు విప్పి బిగించారో ఏ గోడా చెప్పదు. ఛేంజ్‌లాగ్‌లో ఆ పేరుకు చోటుంది.