మీకు తెలుసా? అర్ధశతాబ్దం కాపురం, రెండుసార్లు పెళ్లి

డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ అనే ఇద్దరు స్త్రీలు శాన్‌ఫ్రాన్సిస్కోలో కాపురం పెట్టింది 1953లో. పెళ్లి చేసుకున్నది 2004 ఫిబ్రవరిలో. ఆగస్టు వచ్చేసరికి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అది చెల్లదంది. 2008 జూన్‌లో చట్టం ఒప్పుకున్నాక మళ్లీ చేసుకున్నారు. అప్పటికి డెల్‌కు 87, ఫిలిస్‌కు 83. ఆ ఆగస్టులోనే డెల్ కన్నుమూశారు.

1955లో మరో మూడు జంటలతో కలిసి వీళ్లు పెట్టిన 'డాటర్స్ ఆఫ్ బిలిటిస్' అమెరికాలో లెస్బియన్ల హక్కుల కోసం పుట్టిన తొలి సంఘం. మొదట్లో వాళ్లు కోరుకున్నది విప్లవమేమీ కాదు, పోలీసు దాడుల భయం లేకుండా కలుసుకుని డాన్స్ చేసుకోవడానికో చోటు, అంతే! మరుసటేడు 'ద ల్యాడర్' పత్రిక తెచ్చారు. సంపాదకురాలు ఫిలిస్. తొలి సంచికల్లో మారుపేరు వాడినా, త్వరలోనే సొంత పేరు వేసుకున్నారు.

పెళ్లి కథకే పేరెక్కువ గానీ, నాకైతే వీళ్ల పేరు మీదున్న క్లినిక్ కథే పెద్దదనిపిస్తుంది. తమ జీవితం గురించి నోరు విప్పితే డాక్టరు ఎలా చూస్తారోనని జబ్బు దాచుకునే స్త్రీల కోసం, చేతిలో డబ్బు లేనివాళ్ల కోసం 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లినిక్ మొదలైంది. దానికి వీళ్లిద్దరి పేరే పెట్టారు: లయన్-మార్టిన్. తర్వాత ట్రాన్స్‌జెండర్లకూ అది ఆసరా అయింది. 1995లో వైట్‌హౌస్ వృద్ధాప్య సదస్సుకు ఇద్దరూ ప్రతినిధులుగా వెళ్లి, ముసలి లెస్బియన్ల అవసరాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని అడిగారు.