చందుర్తి యుద్ధము

సామర్లకోటనుండి తుని వైపు రైలులో పోయిన శ్రోతలు గొల్లప్రోలు స్టేషనును చూచియే యుందురు. దాని దాపుననే చందుర్తి కలదు. ఆంగ్ల గ్రంథములలో 'కాండోర్' యుద్ధమని వ్రాయబడినది ఆ పొలములలో జరిగినదే. బొబ్బిలి కథ వినని తెలుగువాడుండడు. చందుర్తి పేరు విన్నవారు మాత్రము అరుదు. నిజమునకు ఇది దానికి తరువాయి భాగము.

1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను సైన్యపు ఖర్చులక్రింద ఫ్రెంచివారికి ఒసగెను. 1757 జనవరిలో వారి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు పక్షమున బొబ్బిలి కోటను పట్టెను. కొలది దినములకే విజయరామరాజు తాండ్ర పాపయ్య కత్తికి బలియయ్యెను. వెనుక వచ్చిన ఆనంద గజపతిరాజునకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనగా, అదను చూచి ఆనందరాజు విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగుకొని, ఇంగ్లీషువారికి కబురంపెను. మద్రాసువారు తమ కోటకే ముప్పు రానున్నదని వెనుకాడిరి. కలకత్తాలో క్లైవు మాత్రము తోడివారి అభ్యంతరములను త్రోసిపుచ్చి కర్నల్ ఫోర్డును ఓడలమీద పంపెను.

డిసెంబరులో సేనలు ఎదురుపడినవి. రెండు సామ్రాజ్యముల పోరాటమని పేరేగాని ఇరువైపుల తెల్లవారు సుమారు ఐదేసి వందలు. తక్కినవారందరు ఈ దేశస్థులే: ఫ్రెంచి నాయకుడు కాన్‌ఫ్లాన్సు క్రింద ఆరువేల సిపాయిలు, ఫోర్డు క్రింద రెండువేలు, వారితో ఆనందరాజు బలగము. రాజుగారి దళములవలన ఆనాడు జరిగిన పని స్వల్పము.

ఫలితమును నిర్ణయించినది ఒక పొరపాటు. దక్షిణమున ఇంగ్లీషువారి సిపాయిలు ఎర్రకోటు తొడుగుట ఫ్రెంచివారు చూచి యెరుగరు. ఫోర్డు వెంట వచ్చిన బెంగాలు సిపాయిలకో, ఎర్రకోట్లుండెను. శత్రువు భ్రమపడునని గ్రహించి ఫోర్డు వారి చిన్న జెండాలను చుట్టిపెట్టించెను. అసలు తెల్ల పటాలము నిలువెత్తు చేను చాటున మరుగుపడియుండెను. కాన్‌ఫ్లాన్సు ఎడమప్రక్కనున్న ఎర్రకోట్లవారినే తెల్లవారనుకొని తన ఫ్రెంచి పటాలమును వారిమీదికి నడిపించెను. సిపాయిలు కొంతసేపు నిలిచి వెనుకకు తగ్గిరి. ఫ్రెంచివారు వరుసలు చెదరి తరుముచుండగా చేను చాటునుండి ఇంగ్లీషు పటాలము వెలువడి ప్రక్కనుండి తుపాకులు పేల్చెను. అంతటితో యుద్ధము తిరిగిపోయినది. ఫిరంగులు, శిబిరము విడిచి కాన్‌ఫ్లాన్సు గుర్రమెక్కి రాజమహేంద్రవరము దారిపట్టెను. విజయమునకు పేరు ఫోర్డుకు దక్కినది. ఎదురు దెబ్బను కాచిన సిపాయిల పేర్లు ఎవరును వ్రాసి యుంచలేదు.

తరుమవలసిన సమయమున ఫోర్డు ఆగిపోయెను. ఆనందరాజు ఇచ్చెదనన్న ధనము చేతికి రాలేదు. ఆ తగవుతో వారములు గడచినవి. 1759 ఏప్రిలులో ఒక రాత్రి అతడు మచిలీపట్టణపు కోటను ముట్టడించి పట్టుకొనెను. ఫ్రెంచివారికి తోడ్పడవచ్చిన సలాబత్ జంగు మే నెలలో ఇంగ్లీషువారితోనే సంధి చేసికొని మచిలీపట్టణ ప్రాంతమును వారికిచ్చెను.

ఆనందరాజు 1760లో మరణించెను. ఆయనకు పిమ్మట గద్దెకు వచ్చిన దత్తుడు విజయరామ గజపతి 1794 జూలై 10న పద్మనాభమువద్ద యుద్ధములో కూలెను. బాకీపడిన పేష్కషు నిమిత్తము ఆయనపైకి సేనను పంపినది ఆ ఇంగ్లీషు కంపెనీయే.