తెలుగు కథాసాహిత్యంలో కౌమారం: చదువు కల్పించిన వ్యవధి

వ్యాససంగ్రహం:
కౌమారం శరీరధర్మమే. అయినా సాహిత్యంలో అది ఒక అనుభవంగా రూపొందాలంటే బాల్యానికీ వివాహ, వృత్తి బాధ్యతలకూ నడుమ కొంత వ్యవధి ఉండాలి. ఆ వ్యవధి ఎవరికి, ఏ మూల్యానికి దక్కిందో కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల, గోగు శ్యామల కథ ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కౌమారం, విద్య, బాల్యవివాహం, జోగిని, వసతిగృహం.

1. ఉపోద్ఘాతం
బాల్య, కౌమార, యౌవన, వార్ధక్యాలనే విభజన మన సంప్రదాయంలో ప్రాచీనమైనదే. కౌమారాన్ని ప్రత్యేక మానసిక దశగా పరిశీలించే ధోరణి మాత్రం అమెరికన్ మనోవిజ్ఞానవేత్త జి. స్టాన్లీ హాల్ 1904లో ప్రచురించిన గ్రంథంతో బలపడింది. ఆయన దానిని అలజడుల కాలంగా భావించాడు. ఈ భావన తెలుగు సమాజానికి యథాతథంగా అన్వయించదు. రజస్వల కాకముందే పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాలలో ఆడపిల్ల బాల్యం నుంచి నేరుగా గృహిణీధర్మంలోకి అడుగుపెట్టింది. 1929 నాటి శారదా చట్టం సైతం ఆడపిల్లల కనీస వివాహ వయస్సును 14 ఏళ్ళుగానే నిర్ణయించింది. అది 18 ఏళ్ళకు పెరగడానికి 1978 వరకు ఆగవలసి వచ్చింది.

2. సుందరం: బడిలో ఎదిగిన కౌమారం
‘చదువు’ నవల సుందరం అనే బాలుని ఎదుగుదలను విద్యాభ్యాస క్రమంలో చిత్రిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం, సహాయ నిరాకరణోద్యమం, ఆర్థిక మాంద్యం ఇందులో నేపథ్యంగా నిలుస్తాయి. సుందరానికి చదువుకునే కాలమే కౌమారం. సంపాదన బాధ్యత మీద పడకపోవడం వల్లనే తన చుట్టూ ఉన్న మనుషులను, మారుతున్న దేశాన్ని గమనించే తీరిక అతనికి చిక్కింది. మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబం మగపిల్లవానికి సమకూర్చిన అవకాశమిది.

3. వసతిగృహం: పోరాడి పొందిన కౌమారం
ఆ అవకాశం పుట్టుకతో లేని బాలిక గోగు శ్యామల కథలో కనిపిస్తుంది. ఊరి పెత్తనం ఒక దళిత బాలికను జోగినిగా మార్చాలని నిర్ణయిస్తుంది. దేవత పేరిట సాగే ఈ ఆచారంలో బాలిక ఎదుగుదల ఆమెది కాకుండా పోతుంది, ఆమె శరీరంపై ఊరికి హక్కు ఏర్పడుతుంది. తండ్రి ఆమెను రహస్యంగా వసతిగృహంలో చేర్పిస్తాడు. అందుకు ప్రతిగా ఆ కుటుంబం పెత్తందారుల హింసను అనుభవిస్తుంది. జోగిని, దేవదాసి ఆచారాలను ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టరీత్యా నిషేధించింది. ఈ కథలో ఆ బాలికకు రక్షణ కల్పించింది తండ్రి తెగువ, బడి చదువు. సుందరానికి సహజంగా అమరిన వ్యవధిని ఇక్కడ ఒక కుటుంబం దెబ్బలు తిని సంపాదించింది.

4. ముగింపు
ఈ రెండు రచనలలోనూ కౌమారానికి ఆశ్రయం విద్యాలయమే. ఒకచోట అది వారసత్వం, మరొకచోట తిరుగుబాటు. కనుక కౌమార చిత్రణను పరిశీలించేటప్పుడు పాత్ర వయస్సును, మనోభావాలను గుర్తించడంతో సరిపెట్టకూడదు. ఆ వయస్సును అనుభవించడానికి పాత్రకు దక్కిన కాలమెంత, దానికి ఎవరు మూల్యం చెల్లించారు అన్న ప్రశ్నలను కూడా చేర్చుకోవాలి. అప్పుడే కౌమారం దక్కని పాత్రలు సైతం ఈ అధ్యయన పరిధిలోకి వస్తాయి.